నాడా జెండా

మా ఊరి బేస్‌బాల్ మైదానంలో ప్రేక్షకుల స్టాండు కప్పు మీద ఎనిమిది జెండా కర్రలు ఉండేవి. లీగులో జట్లు ఎనిమిది, జట్టుకొక జెండా. ఎడమ చివరి కర్ర మీద మొదటి స్థానంలో ఉన్న జట్టుది, కుడి చివరి కర్ర మీద అట్టడుగు జట్టుది. రోజూ పొద్దున్నే పేపర్లో పట్టిక చూసి, ముందురోజు గెలుపోటములను బట్టి జెండాల వరుస మార్చడం నా పని.

నిజానికి అది మా నాన్న పని. గడ్డి కోయడం, ఎర్రమట్టి చదును చేయడం, సున్నంతో గీతలు గీయడం, మైదానానికి సంబంధించినవన్నీ నాన్నే చూసుకునేవాడు. మోకాలి నొప్పి మొదలయ్యాక నిచ్చెన ఎక్కలేక జెండాలు మాత్రం నాకు వదిలేశాడు. అమ్మ నా ఏడో ఏట పోయింది. రెండేళ్లు వరసగా వానలు పడకపోయేసరికి పొలం వదిలేసి, మేమిద్దరం వెస్లీ బెండ్ వచ్చి మైదానం కంచె వెనకున్న చిన్న ఇంట్లో దిగాం.

పల్లెలో నేను చదివింది ఒకే గది ఉన్న బడి. చిన్నా పెద్దా కలిపి తొమ్మిది మందిమి. టౌను హైస్కూల్లో ఒక్క తరగతిలోనే ముప్ఫై నలుగురు. అందరికీ అందరూ చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ల మాటల మధ్యలోకి ఎక్కడ దూరాలో తెలియక ఆ ఏడాదంతా అలాగే గడిపేశాను. మధ్యాహ్నం కోట్లు తగిలించే గదిలో, కోట్ల వెనక కూచుని రొట్టె తినేదాన్ని. చలికాలం పోయి కోట్లు తగ్గిపోయాక అక్కడ కూడా దాక్కోవడం కష్టమైంది.

కప్పు మీద ఆ బాధ లేదు. తారు పూసిన చెక్కలు, ఆకాశం, పావురాలు, ఎనిమిది జెండాలు. మాది వెస్లీ బెండ్ హెరాన్స్. నీలం గుడ్డ మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగ. మిగతావాటిలో ఒకదాని మీద తేనెటీగ, ఒకదాని మీద గోధుమ కట్ట, ఒకదాని మీద నక్క. కెర్నాన్ స్మిత్స్ జెండా ఆకుపచ్చది. ఆ ఊరు ఒకప్పుడు గుర్రాలకు నాడాలు కొట్టే కమ్మరుల ఊరని అంటారు. అందుకని వాళ్ల జెండా మీద బొమ్మ పెద్ద పసుపు రంగు నాడా. ఇంకేమీ లేదు, అక్షరం కూడా లేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ జెండాలు కుట్టింది మా ఊరి చర్చి ఆడవాళ్లు. తాడు కట్టే ఇత్తడి కన్నాలు అటు అంచుకూ ఇటు అంచుకూ రెండు వైపులా పెట్టారు. కొంగను తలకిందులుగా కడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాడాకు అలా తెలియదు. జూన్‌లో కెర్నాన్ వాళ్లు మూడు ఆటలకి మా ఊరొచ్చిన రోజు నేను దాన్ని నోరు కిందికి వచ్చేలా కట్టాను.

మొదట చూసింది వాళ్ల జట్టులో బంతి పట్టే క్యాచర్. బస్సు దిగి సంచి భుజాన వేసుకుంటూ పైకి చూసి అలాగే ఆగిపోయాడు.

"ఎవడ్రా అది కట్టింది? అదృష్టమంతా కిందికి కారిపోతోంది చూడండి."

"మన నెత్తి మీద కారితే మంచిదేగా" అన్నాడు ఇంకొకడు.

"మన నెత్తి మీద కాదు, అటు చూడు, వాళ్ల ఆటగాళ్లు కూచునే డగౌట్ మీద పడుతోంది."

అందరూ నవ్వారు. నేను టికెట్ల గది పక్కన నిలబడి ఉన్నాను. వెళ్లి సరిచేయాలంటే వాళ్లందరి కళ్ల ముందు నిచ్చెన ఎక్కాలి. అది నావల్ల కాలేదు. ఆ రోజు వాళ్లు పన్నెండు-ఒకటి స్కోరుతో ఓడారు. ఆట అయ్యాక చీకట్లో ఎక్కి సరిచేశాను. ఏం లాభం, మిగతా రెండు ఆటలూ కూడా ఓడారు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. పైన చిరునామా, "వెస్లీ బెండ్ మైదానంలో జెండాలు ఎగరేసే మనిషికి" అని.

"నువ్వెవరో నాకు తెలీదు. మా నాడాని బోర్లించి మూడు ఆటలు ఓడగొట్టావు. మీవాళ్లేమో అదంతా బంతి విసిరే తమ పిచ్చర్ గొప్పతనం అనుకుంటున్నారు, పాపం. నిన్ను క్షమించాలా, శపించాలా అని మా ఊళ్లో రెండు వర్గాలయ్యాయి. ఇక్కడ జెండాలు ఎగరేసేది నేనే కాబట్టి నీ తరఫున మాట్లాడాను. నాడా నోరు ఆకాశం కేసి ఉండాలి. పాలు పోసేటప్పుడు గిన్నె బోర్లా పెడతావా? మీ కొంగని నేను కూడా తలకిందులు చేసి పగ తీర్చుకుందును గానీ, పాపం అసలే ఒంటికాలు. ఇట్లు, వోండా రుజిచ్కా, పదహారేళ్లు."

ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. క్షమించమని రెండు వాక్యాలు రాద్దామని కూచున్నదాన్ని అయిదు పేజీలు రాశాను.

తర్వాత వారం వారం ఉత్తరాలు నడిచాయి. వోండావి ఒక పేజీ, నావి ఏడు, ఎనిమిది. నోట ఒక్క మాట రాని నాకు కాగితం మీద మాటలు ఎక్కడినుంచి వచ్చేవో తెలియదు. కప్పు మీద ఒంటికన్ను పావురం గురించి రాశాను. కోట్ల గది గురించి రాశాను. క్లాసులో గట్టిగా చదవమంటారేమోనని గొంతు పోయినట్టు మూడు వారాలు నటించిన సంగతి రాశాను. ఇంకొకటి కూడా రాశాను. నాన్న కూడా మాటలు తక్కువ మనిషి. ఊళ్లో ఆట లేనప్పుడు శుక్రవారం నుంచి సోమవారం దాకా ఒక్కోసారి నేను ఎవరితోనూ మాట్లాడను. బడి ఉన్న రోజుల్లో సోమవారం పొద్దున బడికి పోయేముందు గొంతు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఒకసారి దగ్గుతాను. ఇది నాన్నకు కూడా తెలియదు. వోండాకు చెప్పాను.

ఆగస్టు చివరి వారం కెర్నాన్ వాళ్లు మళ్లీ మా ఊరు రావాలి. ఈసారి జట్టుతో పాటు అభిమానుల బస్సు కూడా వస్తుందనీ, అందులో తను వస్తాననీ వోండా రాసింది. "శనివారం. ఆకుపచ్చ రిబ్బను కట్టుకుంటాను. నిచ్చెన దగ్గరుండు. నీ పావురాన్ని చూపించాలి."

ఆ ఉత్తరం వచ్చాక పదిరోజులూ నేను ఆటగాళ్ల గదిలో అద్దం ముందు నిలబడి "హలో వోండా" అనడం ప్రాక్టీసు చేశాను. ఆ తర్వాత ఏమనాలో మూడు వాక్యాలు తయారు చేసుకున్నాను. నీలం గౌను అంచు విప్పి మళ్లీ కుట్టుకున్నాను. భయంగా ఉండేది. ఆ భయం కోసమే పొద్దున్నే లేచేదాన్ని.

గురువారం మధ్యాహ్నం నాన్న ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి, టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఆర్డీ, పైకెక్కి ఆ కెర్నాన్ జెండా దించెయ్యి."

"వాళ్లు ఆరో స్థానం నాన్నా. వరుస సరిగానే ఉంది."

"వరుస కాదు. ఆ జట్టు మూసేశారంట. ఇప్పుడే ఫోను వచ్చింది. జనం రావట్లేదు. అందరూ ఇళ్లల్లో ఆ టెలివిజన్ ముందే కూచుంటున్నారు. ఆటగాళ్లను నిన్నే ఇళ్లకు పంపేశారు."

"శనివారం ఆట?"

"ఆడ్డానికి జట్టుంటే కదమ్మా."

అభిమానుల బస్సు సంగతి నేను అడగలేదు. జట్టే లేకపోతే అభిమానులేం చేయడానికి వస్తారు? కప్పెక్కి తాడు లాగాను. నాడా దిగొచ్చింది. ఏడో స్థానం జెండాను ఆరో కర్రకు, ఎనిమిదోదాన్ని ఏడోదానికి మార్చాను. కుడి చివరి కర్ర ఖాళీ అయింది.

కింద మా జట్టు మేనేజర్ ఆల్‌క్విస్ట్ గారు నిలబడి ఉన్నారు. మంచి మనిషే. "ఇలా ఇవ్వమ్మా" అన్నారు. "వానకు మైదానం మీద కప్పే టార్పాలిన్‌కు రెండు చోట్ల చిరుగులున్నాయి. మాసిక వేయడానికి గట్టి గుడ్డ."

జెండా నా చేతుల్లోనే ఉండిపోయింది. ఇవ్వలేదు.

"అది వాళ్లకిచ్చేస్తాను" అన్నాను.

ఆల్‌క్విస్ట్ గారు నాన్న వంక చూశారు. నేను మాట్లాడగా ఆయన వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఎవరికిస్తావే, ఆఫీసుకి తాళం వేసేసి ఉంటారు" అన్నాడు నాన్న.

"అక్కడ జెండాలు ఎగరేసే అమ్మాయికి. బస్సులో వెళ్లొస్తాను."

నాన్న టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు. "ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"వెళ్లనీ వెర్లిన్" అన్నారు ఆల్‌క్విస్ట్ గారు నాన్నతో. "మాసికకు పాత గోనెసంచి ఏదైనా చూద్దాంలే."

శనివారం పొద్దున జెండాను ఇస్త్రీ చేసి, మడిచి, గోధుమ రంగు కాగితంలో చుట్టి బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం, దారి పొడవునా మొక్కజొన్న. హలో వోండా, అనుకుంటూ కూచున్నాను. తన ఊళ్లో ఇప్పుడు జెండాల్లేవు. తనకూ కప్పెక్కే పని లేదు. తను కూడా నాలాగే ఎక్కడో ఒకచోట ఒక్కతే కూచుని ఉంటుందని, నన్ను చూసి లేచి నిలబడుతుందని ఊహించుకున్నాను.

శనివారాలు మందుల షాపులోనే ఒక పక్కన ఉండే సోడా కౌంటర్ దగ్గర ఉంటానని వోండా ఒకసారి రాసింది. తలుపు తోయగానే గంట మోగింది. కౌంటర్ ముందు ఎత్తు స్టూళ్ల మీద ఏడెనిమిది మంది కూచుని ఉన్నారు, అందరూ నా ఈడువాళ్లే. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మధ్యలో ఆకుపచ్చ రిబ్బను కట్టుకున్న పొడుగాటి అమ్మాయి, చేతులు తిప్పుతూ ఎవరినో అనుకరిస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

నేను తయారు చేసుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు కౌంటర్ వెనక ముసలాయన.

"వోండా" అన్నాను.

పొడుగాటి అమ్మాయి తిరిగింది. నా ముఖం చూసింది, చేతిలో పొట్లం చూసింది. స్టూలు మీంచి దూకింది.

"ఆర్డిత్. నువ్వు ఆర్డిత్‌వి కదూ? ఒరేయ్, వెస్లీ బెండ్ ఆర్డిత్ వచ్చింది."

అప్పుడు జరిగినది నేను ఎంత మాత్రం ఊహించనిది. వాళ్లందరికీ నేను తెలుసు. ఒకమ్మాయి జరిగి స్టూలు ఖాళీ చేసింది. ఇంకొకమ్మాయి నా టోపీ తీసి పక్కన పెట్టింది. ముసలాయన అడక్కుండానే రూట్‌బీర్ అనే తియ్యటి సోడాలో ఐస్‌క్రీమ్ వేసి నా ముందు పెట్టాడు.

"ఒంటికన్ను పావురం ఎలా ఉంది?" అన్నాడు ఆర్లో అనే లావుపాటి కుర్రాడు. "పిల్లలు పెట్టిందా?"

"అది మగదిరా" అంది వోండా. "నాలుగో ఉత్తరంలో రాసింది కదా, వినకుండా తిండి మీద ధ్యాస పెడితే ఇంతే."

"బడి తెరిచాక కోట్ల గదిలో ఎక్కడ కూచుంటావు? చలికాలం దాకా కోట్లుండవుగా" అంది టోపీ తీసినమ్మాయి. జాలిగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

నేను గ్లాసు వంక చూస్తున్నాను. ఐస్‌క్రీమ్ కరిగి నురగ అంచు దాటుతోంది.

"దీనికి మాటలొస్తాయా, లేక కాగితం, పెన్సిలు ఇవ్వాలా?" అన్నాడు ఆర్లో.

"నోర్ముయ్. ఇవాళ శనివారం రా" అంది వోండా నవ్వుతూ. "సోమవారం దగ్గి చూసుకున్నాక మాట్లాడుతుంది."

అందరూ నవ్వారు. అందులో ద్వేషం లేదు. అది నాకు అప్పుడే తెలుసు. మంగళవారం మంగళవారం నా ఉత్తరం రాగానే వోండా ఇక్కడ స్టూలు మీద నిలబడి చదివేదట, అది వినడానికి వీళ్లంతా వచ్చేవారట. "జూలైలో ఒక వారం నువ్వు రాయలేదు చూడు," అన్నాడు ముసలాయన, "ఆ వారం నాకు సోడా అమ్ముడుపోలేదమ్మా."

ఆ వారం నాకు జ్వరం. ఆ సంగతి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. పొట్లాన్ని వోండా చేతిలో పెట్టాను.

వోండా కాగితం విప్పింది. ఆకుపచ్చ గుడ్డ అంచు కనపడగానే తన ముఖంలో నవ్వు ఆగిపోయింది. మెల్లగా రెండు మూలలు పట్టుకుని కౌంటర్ మీద పరిచింది.

"మావి ఒక్కటి కూడా మిగల్లేదు" అంది వోండా. "బుధవారం లారీ వచ్చింది. బంతులు, బ్యాట్లు, కుర్చీలు, జెండాలు అన్నీ వేసుకుపోయారు. నేను మైదానానికి వెళ్లేసరికి కర్రలున్నాయంతే."

"మా నాన్న ఆ జట్టులో ఆడాడు" అన్నాడు ముసలాయన. ఎవరితో అన్నాడో తెలియదు.

తర్వాత అందరూ ఒక్కసారి కదిలారు. సుత్తి వచ్చింది, మేకులు వచ్చాయి. ఆర్లో స్టూలెక్కాడు. స్టూలు విరుగుతుందని ఒకరు, గోడ కూలుతుందని ఒకరు. ఎడమ వైపు ఎత్తమని ముగ్గురు, దించమని ఇద్దరు. వోండా దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూస్తూ, "ఇంకాస్త. ఇంకాస్త. అదీ" అంటోంది. వాళ్లందరి వీపులూ నాకు కనబడుతున్నాయి. సీసాల అర మీద, గోడ నిండా, నోరు పైకి పెట్టి నాడా నిలబడింది. నేను గ్లాసు పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. నన్ను ఎవరూ తోసేయలేదు. మరిచిపోయారంతే.

బస్సు దాకా వోండా నాతో వచ్చింది. దారంతా తనే మాట్లాడింది. బస్టాపు బెంచి మీద కూచున్నాక తను కూడా ఆగింది. అప్పుడు నేను అడిగాను.

"ఉత్తరాలన్నీ చదివి వినిపించావా?"

"అన్నీనే. ఎందుకు?" అంది. నా ముఖం చూసింది. "చదవకూడదా?"

నేను గౌను అంచు సవరించుకున్నాను.

"నువ్వు చెప్పలేదుగా ఆర్డిత్."

"చెప్పలేదు."

"అంత బాగా ఉంటే ఒక్కదాన్నే ఎలా చదువుకుంటాను? ఇక్కడ ఏదైనా బాగుంటే నలుగురికీ చెబుతాం." రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ కూచుంది. "ఆ దగ్గు సంగతి చదివినప్పుడు వాళ్లు నవ్వారనుకున్నావేమో. మొదటిసారి ఎవరూ నవ్వలేదు. ఆర్లో లేచి బయటికెళ్లిపోయాడు. తర్వాత తర్వాత అది మా మాటైపోయింది. ఎవరైనా చాలాసేపు మాట్లాడకుండా కూచుంటే దగ్గమంటాం."

బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"ఇంక రాయవా?" అంది.

ఆమె కళ్లలో నీళ్లున్నాయో, ఎండకు చికిలించిందో చెప్పలేను. "రాస్తాను" అన్నాను. బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే తను చేయి ఊపుతోంది, వెనక వీధిలో ఆర్లో వాళ్లు వస్తూ వాళ్లు కూడా ఊపుతున్నారు.

మళ్లీ మొక్కజొన్న. అలవాటు కొద్దీ మనసులో ఉత్తరం మొదలుపెట్టాను. స్టూలెక్కిన ఆర్లో గురించి ఒక వాక్యం వచ్చింది. బాగుంది. దాన్ని కొంచెం మార్చాను, ఇంకా బాగుంది. అలా రెండు మైళ్లు పోయాక తెలిసింది, నేను ఆ వాక్యాన్ని మార్చింది వోండా కోసం కాదు. ముసలాయన ఎక్కడ నవ్వుతాడో, టోపీ అమ్మాయి ఎక్కడ "అయ్యో" అంటుందో చూసుకుని మారుస్తున్నాను. ఆపేశాను. కిటికీ అద్దానికి తల ఆనించాను. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉందనుకుని మూడు నెలలు బతికాను. ఇప్పుడు ఎనిమిది మంది ఉన్నారు, ఆ ఒక్క మనిషి లేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న మైదానంలో గొట్టంతో నీళ్లు పడుతున్నాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"మంచివాళ్లేనా?"

"చాలా మంచివాళ్లు నాన్నా."

నాన్న తలూపి, గొట్టం రెండో చేతికి మార్చుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కాగితాలు తీసుకుని వంటగది బల్ల దగ్గర కూచున్నాను. ఆరు పేజీలు రాశాను. జట్లు ఏడు అయ్యేసరికి రోజూ ఒక జట్టుకు ఆడ్డానికి ఎవరూ లేక సెలవు వస్తోందని, ఆ సెలవు జట్టు జెండాను ఏం చేయాలో లీగు నియమాల పుస్తకంలో లేదని ఆల్‌క్విస్ట్ గారు తల గోక్కుంటున్నారని రాశాను. ఆర్లో వాక్యం కూడా పెట్టాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. కవరులో పెట్టి కెర్నాన్ చిరునామా రాశాను.

తర్వాత ఇంకో కాగితం తీసుకున్నాను. బస్సులో అద్దానికి తల ఆనించిన సంగతి అందులో రాశాను. వాళ్లందరి వీపులు చూస్తూ తలుపు పక్కన నిలబడ్డ సంగతి రాశాను. చివర సంతకం చేయలేదు, పైన ఎవరి పేరూ రాయలేదు. మడిచి నా బట్టల సొరుగులో అడుగున పెట్టాను.

మర్నాడు ఇంకో కాగితం రాసి దాని మీదే పెట్టాను.